మోటార్ వైండింగ్ తీగతో స్పీకర్ కేబుల్: వినిపించే తేడా నిజమేనా?

కాజీపేట శ్రోత

హన్మకొండలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు నుంచి 20 మీటర్ల 24 గేజ్ ఎనామెల్ రాగి తీగ తెచ్చాను. తూకం వేస్తే 50 గ్రాములు కూడా లేదు. ఒక్కో స్పీకర్‌కు రెండే తీగలు, ఒక్కొక్కటి 4 మీటర్లు, పైన వాళ్ల దగ్గరే దొరికే స్లీవ్. పిన్నులు, ప్లగ్గులు ఏమీ లేవు. చివర్లు గీకి నేరుగా బిగించాను. ఇంతకుముందు రెండున్నర చదరపు ఎంఎం లావు వైరు ఉండేది.

మార్చిన పూటే ఘంటసాల గొంతు ముందుకొచ్చి నిలబడింది. తబలా మాత్రం కొంచెం పలచబడింది. వారం రోజులు విన్నా అదే అనిపిస్తోంది. సిగ్నల్ వెళ్లే దారిలో లోహం, ప్లాస్టిక్ ఎంత తక్కువుంటే పాట అంత శుభ్రంగా వస్తుందని నా నమ్మకం. ఒప్పుకోని వాళ్లు కారణం చెప్పండి, వింటాను.

పాత టేపు

రాగి ఏదైనా రాగే. 4 మీటర్ల వైరు పాటను మార్చదు. కొత్తగా, సొంత చేతులతో చేసుకున్నారు కాబట్టి బాగా వినిపిస్తోంది. కేబుళ్లకు వేలు పోసేవాళ్లదీ ఇదే కథ. మీకు ఖర్చు తగ్గింది, అంతే.

సర్క్యూట్ మాస్టారు, వరంగల్

మీ ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. తేడా నిజమే అయి ఉంటుంది, కానీ శుభ్రతకూ దానికీ సంబంధం లేదు.

24 గేజ్ తీగ మందం 0.56 మిల్లీమీటర్లు. కరెంటుకు అది పెట్టే అడ్డు, అంటే రెసిస్టెన్స్, మీటరుకు సుమారు 0.07 ఓమ్. పోవడానికి 4 మీటర్లు, రావడానికి 4 మీటర్లు, మొత్తం 0.56 ఓమ్. మీ పాత రెండున్నర ఎంఎం వైరుకు అదే దూరంలో 0.06 కూడా రాదు. పది రెట్లు పెరిగింది.

స్పీకర్ వెనక 8 ఓమ్ అని రాసి ఉన్నా, అన్ని స్వరాల దగ్గరా అది 8 ఉండదు. లావు స్వరాలకొకటి, సన్న స్వరాలకొకటి స్పీకర్ ఉండే చాలా టూ-వే బాక్సుల్లో తబలా నిండుదనం పలికే చోట 5కో 4కో దిగుతుంది, పాట ఒక స్పీకర్ నుంచి రెండోదానికి మారే క్రాసోవర్ దగ్గర 20, 30 దాకా ఎక్కుతుంది. 4 ఓమ్ ఉన్న చోట మీ తీగ 1.1 డెసిబెల్ శబ్దం తినేస్తుంది. 30 ఉన్న చోట 0.2 కూడా తినదు. దాదాపు ఒక డెసిబెల్ వంపు వచ్చిందన్నమాట, టోన్ కంట్రోల్ కొద్దిగా తిప్పినట్టు. గొంతు ముందుకొచ్చిందని మీకు అనిపించింది అందుకేనని నా అంచనా.

తేల్చుకోవడానికి దారి ఉంది. 0.47 ఓమ్, 5 వాట్ల సిమెంట్ రెసిస్టర్లు రెండు కొనండి. పాత లావు వైరుకే ఒక్కో స్పీకర్‌కు ఒకటి వరుసలో కలపండి. సన్న తీగలాగే వినిపిస్తే కారణం రెసిస్టెన్సే. అప్పటికీ తీగ వేరుగా పలికితే నా లెక్క తప్పని ఇక్కడే రాస్తాను. ఉత్త లావు వైరుతో పోల్చేటప్పుడు మాత్రం వాల్యూమ్ సమం చేయండి. అది అర డెసిబెల్ గట్టిగా మోగుతుంది, గట్టిగా ఉన్నదాన్ని చెవి తేలిగ్గా పట్టేస్తుంది.

మైక్‌సెట్, ఐనవోలు

అన్నా, ఐనవోలు జాతర నుంచి పెళ్లి ఊరేగింపుల దాకా ముప్పై ఏళ్లుగా వైర్లు లాగుతున్నాను. సన్న వైరు మీద వందల మీటర్ల దూరం హారన్లు నడుపుతాం. కానీ అది 100 వోల్టుల లైన్, వోల్టేజి ఎక్కువ, కరెంటు తక్కువ. ఇంట్లో బాక్సుకు ఆ పోలిక పెట్టుకోవద్దు.

ఎనామెల్ తీగతో నా భయం వేరు. తలుపు అంచుకు రాసుకునో, ఎలుక కొరికో పూత పోతే రెండు తీగలూ కలుస్తాయి. షార్ట్ ప్రొటెక్షన్ లేని యాంప్లిఫైయర్ అయితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు అక్కడికక్కడే పోతాయి. నాకు ఒకసారి పోయాయి. చివర్లు బ్లేడుతో చుట్టూ గీకి, టంకం అంతటా మెరిసేదాకా పట్టించండి. సగం పూత మిగిలితే ఒకసారి పలుకుతుంది, ఒకసారి గరగర. 230 వోల్టుల పవర్ కార్డుకు మాత్రం ఈ తీగ ఎవరు చెప్పినా వాడొద్దు.

కాజీపేట శ్రోత

ఆదివారం పరీక్ష పెట్టాను. మా తమ్ముడి కొడుకు నాణెం ఎగరేసి వైర్లు మార్చాడు, ఏది పెట్టాడో నోటుబుక్కులో రాసుకున్నాడు. నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను.

వాల్యూమ్ సమం చేశాక లావు వైరు, సన్న తీగ: 12 సార్లలో 10 సార్లు సరిగ్గా చెప్పాను. తర్వాత సన్న తీగ, రెసిస్టర్ కలిపిన లావు వైరు: 12కు 6. అదే పద్యం, అదే ఆలాపన ఎంత విన్నా పట్టుకోలేకపోయాను. మాస్టారు గారి లెక్క నా ఇంట్లో నిలబడింది. చాలా సేపు మనసు ఒప్పుకోలేదు, అయినా ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పాత టేపు

పది సార్లు గుర్తుపడతారనుకోలేదు. వైరు ఏదైనా ఒకటే అన్న నా మాట తప్పు. తగినంత లావుంటే అని చేర్చాలి.

రేడియో మామ, జనగామ

నేను ఒప్పుకోను. నిమిషానికో వైరు మారుస్తుంటే వినేది పాటను కాదు, పరీక్షను. నాకు ఒక కేబుల్ నచ్చిందో లేదో తెలియడానికి పది రోజులు పడుతుంది. మూడో రోజు రాత్రి తెలియకుండానే రెండు గంటలు కూర్చుండిపోతే అప్పుడు తెలుస్తుంది. 12కు 6 అన్న లెక్కలో అది ఎక్కడ దొరుకుతుంది?

సర్క్యూట్ మాస్టారు, వరంగల్

మామగారూ, మీ మాటకు విలువ ఉంది. అయితే పది రోజులు వినేటప్పుడు కూడా ఏ వైరు ఉందో తెలియకూడదు. తెలిస్తే ఆ రెండు గంటలు ఎవరి వల్లో చెప్పలేం. ఇంట్లో వాళ్లు పెట్టి, మీదొక గుడ్డ కప్పితే సరిపోతుంది.

శ్రోత గారికి ఒక మాట. వైరు మొత్తం రెసిస్టెన్స్ స్పీకర్ ఓమ్‌లలో 5 శాతం దాటకుండా చూసుకోవడం వాడుకలో ఉన్న హద్దు. 8 ఓమ్‌కు 0.4. అదే తీగ జంటగా వేస్తే 0.28కి దిగుతుంది.

కాజీపేట శ్రోత

జంట తీగ ఈ రాత్రే వేస్తున్నాను, ఇంకో 20 మీటర్లు తెచ్చాను. గుడ్డ కప్పే పని మా తమ్ముడి కొడుక్కి అప్పగించాను. మామగారు చెప్పినట్టు పది రోజులు ఒకటి, పది రోజులు ఇంకొకటి. గొంతు మళ్లీ వెనక్కి పోతుందేమోనని కొంచెం టెన్షన్‌గానే ఉంది. నాకు ఆ వంపే నచ్చి ఉంటే రెసిస్టర్ ఉంచేసుకుంటాను, తీగ మైక్‌సెట్ అన్నకు ఇచ్చేస్తాను.