"గం॥ భా॥ స॥" అంటే ఏమిటి? 1943 నాటి సిపాయి ఉత్తరంలో మొదటి పంక్తులు

బర్కత్‌పుర పాఠకుడు: రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఒక సిపాయి హైదరాబాదు సంస్థానంలో ఉన్న తల్లికి రాసిన ఉత్తరాన్ని ఎత్తి రాస్తున్నాం. తేదీ 20-12-43, చోటు పేరు లేదు. మొదలు ఇలా ఉంది:

"గం॥ భా॥ స॥ అమ్మగారి పాదపద్మములకు కుమారుడు అనేక నమస్కారములు చేసి వ్రాయునది యేమనగా. ఉభయకుశలోపరి. తనఖా లోనుంచి 30 కల్దార్లు మనియార్డరు చేసితిని. 35 ముట్టవలెను. ఊరగాయ ఐపోయినది."

వెనక వేరే చేతిరాతలో "ముట్టినది ఇస్ఫందార్ 1353" అని ఉంది. గం॥ భా॥ స॥ ఊరి పేరా? ఏది తనఖా పెట్టాడు? 30 పంపితే 35 ఎలా ముట్టాలి?

పాతలిపి: ఊరు కాదండీ. గంగాభాగీరథీ సమానురాలైన. భర్త పోయిన స్త్రీని సంబోధించే మర్యాద మాట. ముత్తైదువ అయితే మహాలక్ష్మీ సమానురాలైన అని రాసేవారు, తనకంటే చిన్నదైతే చి॥ ల॥ సౌ॥, అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. కాబట్టి 1943 డిసెంబరు నాటికి ఆ సిపాయికి తండ్రి లేడని మొదటి మూడక్షరాలే చెబుతున్నాయి. వంశవృక్షం రాసేటప్పుడు ఇది పనికొస్తుంది: అదే చేతి పాత ఉత్తరాలు ఉంటే సంబోధన ఎప్పుడు మారిందో చూడండి, తండ్రి పోయింది ఆ రెండు తేదీల మధ్య. ఒకే ఉత్తరం మీద ఆధారపడొద్దు, సిపాయి చెబుతుంటే రాసిపెట్టినవాడు అలవాటు కొద్దీ తప్పు సంబోధన వేసి ఉండొచ్చు.

మలక్‌పేట: తనఖా అంటే ఇక్కడ కుదువ కాదన్నా, జీతం. ఉర్దూలో తన్‌ఖ్వా, మన వాడుకలో తన్‌ఖా. ఇప్పటికీ "తన్‌ఖా పడ్డదా?" అంటం కదా. కుదువ అనే తనఖా కూడా అదే ఫారసీ మాట నుంచి వచ్చిందే, అందుకే కోస్తావాళ్లు ఎత్తి రాసినప్పుడు ఈ చోట బోల్తా పడతారు. "లోనుంచి" అన్న ప్రత్యయం చూస్తే చాలు, కుదువలోనుంచి ఎవరూ మనియార్డరు చెయ్యరు.

పాత తపాలా: 30కి 35 లెక్క కూడా సరిగ్గానే ఉంది. కల్దారు బ్రిటిష్ ఇండియా రూపాయి. నిజాం రాజ్యంలో చెలామణీ అయింది హాలీ సిక్కా, చార్మినారు బొమ్మ ఉన్నది. 6 కల్దార్లకు 7 హాలీలు, అంటే 100 కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైలు. 30ని 7తో గుణించి 6తో భాగించండి, 35 వస్తుంది. ఎవరైనా మధ్యలో కొట్టేయకుండా అమ్మకు ముందే అంకె చెప్పి పెట్టాడు. ఎత్తి రాసేటప్పుడు "30 రూపాయలు" అని సరిదిద్దారంటే ఈ సంగతంతా పోతుంది.

వెనక ఉన్న 1353 ఫసలీ, అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్క. సంస్థానంలో ఫసలీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో ఆజూర్ నెలతో మొదలయ్యేది. ఆజూర్, దై, బహమన్, తర్వాత ఇస్ఫందార్, అంటే జనవరి ప్రాంతం. సంవత్సరానికి సూత్రం: అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఫసలీకి 590 కలపాలి, జనవరి నుంచి 591. ఇక్కడ 1353 + 591 = 1944. రాసిన నెల రోజులకు అటూ ఇటూగా చేరింది. ఏడాది పొడవునా 591 కలిపేస్తే అక్టోబరు-డిసెంబరు ఉత్తరాలన్నీ ఒక ఏడాది ముందుకు జరుగుతాయి.

కవరు దొరికిందా? ఉంటే ముద్రలో ఫీల్డ్ పోస్టాఫీసు (సైన్యం వెంట ఉండే తపాలా ఆఫీసు) నంబరు చూడండి. సిపాయి చోటు రాయకూడదు కాబట్టి ఆ నంబరే దిక్కు. దళంతోపాటు ఆఫీసూ కదిలేది, అందుకని నంబరు ఒక్కటే చాలదు, ముద్ర తేదీ కూడా కావాలి. అది లేకుండా "1943 డిసెంబరు కదా, ఇటలీ అయి ఉంటుంది" అని తేల్చొద్దు, అదే సమయంలో బర్మాలోని అరకాన్‌లోనూ భారత దళాలున్నాయి.

బర్కత్‌పుర పాఠకుడు: ఊరగాయ ఐపోయినది అన్నది సంకేతమా? మా బృందంలో ఒకరు తూటాలు అంటున్నారు.

పాతలిపి: ఆ ఊహ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. మొదటి యుద్ధంలో ఫ్రాన్సు నుంచి మన సిపాయిలు రాసిన కొన్ని ఉత్తరాల్లో నల్ల మిరియాలంటే భారత సైనికులు, ఎర్ర మిరియాలంటే తెల్ల సైనికులు. సెన్సారువాళ్లు దాన్ని అప్పుడే పట్టేశారు. అయితే సంకేతం అనాలంటే అదే మాట వేరే ఉత్తరాల్లో పొంతన లేని చోట కూడా రావాలి, ఇంటివాళ్ల జవాబులోనూ ఎదురవ్వాలి. ఇక్కడ అలాంటిదేమీ లేదు. ఊరగాయే. "పంపు" అని అమ్మను నోరు తెరిచి అడగడం ఇష్టంలేక "అయిపోయింది" అన్నాడు. మన ఇళ్లలో ఇప్పటికీ అడిగే తీరు అదే.

అసలు చూడాల్సింది ఉభయకుశలోపరి. కుశల + ఉపరి, గుణసంధి, "ఉభయుల కుశలం చెప్పుకున్న మీదట" అని. తర్వాతి మాటకు తలుపు తీసే పదమే తప్ప పూర్తి వాక్యం కాదు. వాడుకలో మాత్రం "ఇక్కడ క్షేమం, అక్కడా క్షేమమని తలుస్తాను" అన్న మొత్తానికి బదులైపోయింది, అందుకే చుక్క పెట్టాడు. ఆ చుక్కను ఉన్నట్టే ఉంచండి. దీన్ని పట్టుకుని "డిసెంబరు 20న ఆరోగ్యంగా ఉన్నాడు" అని రాయకండి. ఆసుపత్రి మంచం మీద నుంచి రాసినా ఈ పదం మొదట వచ్చేది. ఒంట్లో సంగతి కావాలంటే డబ్బు మాట అయ్యాక వచ్చే పంక్తులు వెతకండి. సంతకం చెయ్యి, ఉత్తరం చెయ్యి ఒకటేనా అన్నదీ పోల్చండి. వేరైతే ఈ లాంఛనాలు రాసిపెట్టినవాడివి, కల్దారు లెక్కా ఊరగాయా సిపాయివి.

పాత తపాలా: ఊదారంగు గీతలుంటే అది కాపీయింగ్ పెన్సిలు. మడత విప్పడానికి తడి గుడ్డ తగిలించకండి, రంగు ఊరి అక్షరాలు అలుక్కుపోతాయి. చిరిగిన చోట సెల్లోటేపు వద్దు, పసుపెక్కి అక్షరాన్ని లాక్కుపోతుంది. 600 డీపీఐలో కలరులో స్కాన్ చేయండి. అరిగిపోయిన చోట పక్క నుంచి లైటు వేసి ఫొటో తీస్తే పెన్సిలు నొక్కిన గాడి కనిపిస్తుంది.

బర్కత్‌పుర పాఠకుడు: కవరు ఉంది, ముద్ర సగమే పడింది. రేపు స్కాన్ పెడతాను. గం॥ భా॥ స॥ ను విప్పి రాయాలా, అలాగే ఉంచాలా?

పాతలిపి: పంక్తిలో అలాగే ఉంచండి. విప్పిన రూపం అడుగున వేయండి.