ఆంఫెటమిన్ మందులు, నాడీకణాలకు హాని: మీ అనుభవాలు చెప్పండి

నిశాచరి: ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరని సమస్య) వైద్యురాలు రాసిన డెక్స్‌ఆంఫెటమిన్ మూడేళ్లుగా వాడుతున్నాను. మత్తుకు వాడే మెత్‌ఆంఫెటమిన్ హాని గురించి చదివినప్పుడల్లా గుండె గుభేలుమంటోంది. రెండూ ఒకే కుటుంబం కదా! సాయంత్రం మందు ప్రభావం దిగిపోతుంటే వచ్చే చిరాకుకు మీరేం చేస్తున్నారు?

ఎలుకలగది: పన్నెండేళ్లు ఈ మందుల మీదే పరిశోధన చేశాను, కాబట్టి నా మాట వినండి. ఆంఫెటమిన్ డోపమిన్ (మెదడు కణాలు సంకేతాలు పంపుకునే రసాయనం) రవాణా ప్రోటీన్ గుండా నాడీకణంలోకి వెళ్లి, సంచుల్లో దాచిన డోపమిన్‌ను బయటికి తోడేస్తుంది. సంచి దాటిన డోపమిన్ కణం లోపలే ఆక్సీకరణం చెందితే నాడీతంతువుల కొసలు దెబ్బతింటాయి. ఏడీహెచ్‌డీకే వాడే మరో మందు మిథైల్‌ఫెనిడేట్ ఆ ప్రోటీన్‌కు అడ్డం పడుతుందే తప్ప సంచుల జోలికి పోదు.

చిన్నక్క: మా తమ్ముడు మెత్‌ఆంఫెటమిన్ మానేసి ఏడాదిన్నర అయింది. మొదట్లో వాక్యం సగంలో ఆగిపోయేవాడు. ఇప్పుడు పుస్తకం పూర్తిచేస్తున్నాడు. దీర్ఘకాలం మానేసినవారిలో ఆ రవాణా ప్రోటీన్ కొంత కోలుకున్నట్లు 2001లోనే స్కానుల్లో కనిపించింది. పోయింది ఇక రాదని ఎవరూ రాయకండి, దయచేసి.

సూటిమాట: ఈ కుటుంబానికే చెందిన మత్తుమందు ఎక్స్‌టసీ ఒక్క రాత్రి మోతాదే కోతుల డోపమిన్ కణాలను నాశనం చేసిందని 2002లో సైన్స్ పత్రికలో వచ్చింది.

ఎలుకలగది: ఆ వ్యాసాన్ని 2003లో ఉపసంహరించుకున్నారు! సీసాల చీటీలు తారుమారై, ఒక్క కోతికి తప్ప అన్నిటికీ మెత్‌ఆంఫెటమిన్ ఎక్కించారు. ఇన్నేళ్లయినా అదే పట్టుకుని వేలాడితే ఎలా?

సూటిమాట: అంటే ఎక్స్‌టసీ మంచిదంటారా?

ఎలుకలగది: ఎక్కడన్నాను? అది ప్రధానంగా సెరోటోనిన్ (డోపమిన్ లాంటిదే మరో రసాయనం) తంతువులను దెబ్బతీస్తుంది. ఎలుకలకు కుంగుబాటు మందు ఫ్లూఓక్సెటీన్ ముందే ఇస్తే ఆ నష్టం ఆగుతుంది.

సూటిమాట: ఎలుకకు కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు పొడిచి, ఫలితం మనుషులకు అంటగడతారు. మీ పన్నెండేళ్లూ అంతేనా?

రాత్రిడ్యూటీ: ఈ మత్తుమందులు ఒంటివేడిని పెంచుతాయి, మీ తగవులో ఆ మాటే లేదు. అత్యవసర విభాగంలో నర్సును. 41 డిగ్రీల జ్వరంతో వచ్చిన పిల్లవాడికి మంచుగడ్డలు పెట్టిన చేతులివి. ఎలుకల్లోనూ గది చల్లగా ఉంటే నష్టం తగ్గుతుంది, వేడిగా ఉంటే పెరుగుతుంది. అలాగని లీటర్ల కొద్దీ నీళ్లు తాగిస్తే రక్తంలో సోడియం పడిపోయి మూర్ఛలు వస్తాయి. అదీ చూశాను.

పాతకవాటం: మా అమ్మ బరువు తగ్గడానికి వాడిన ఫెన్‌ఫ్లూరమిన్ కూడా ఈ కుటుంబమే. దాన్ని 1997లో అమ్మకం నుంచి తొలగించారు, అదీ గుండె కవాటాలు దెబ్బతింటున్నందువల్ల. మెదడు గురించే భయపడేవారు గుండెనూ చూపించుకోండి.

నిశాచరి: సాయంత్రం చిరాకు గురించి ఎవరూ చెప్పలేదు.

చిన్నక్క: నా స్నేహితురాలికి వైద్యుడు లిస్‌డెక్స్‌ఆంఫెటమిన్‌కు మార్చారు. దానికి అంటుకున్న లైసిన్ రక్తంలో మెల్లగా విడిపోతుంది కాబట్టి మందు ఒక్కసారిగా దిగిపోదు. మీ వైద్యురాలిని అడిగి చూడండి.