డిసెంబరు 10 సభకు సవర మాట సాయం కావాలి

శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి మండలంలో, సవర గిరిజనులుండే ఒక గూడలో మానవ హక్కుల దినం జరపబోతున్నాం. 1948లో పారిస్‌లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మానవ హక్కుల ప్రకటనలోని 30 అధికరణాలూ చదివితే సగం మంది లేచిపోతారు. అందుకే ఐదే తీసుకున్నాం: సమానత్వం (1), చిత్రహింస (5), అక్రమ అరెస్టు (9), పని-కూలి (23), చదువు (26). మొదటి అధికరణంలో ‘మనుషులందరూ’ అనే మాట పెట్టించింది అప్పటి భారత ప్రతినిధి, మన హంసా మెహతాయే, అదీ చెప్తాం.

చిక్కల్లా అనువాదంతోనే. గ్రాంథిక తెలుగును మాటకు మాట మారిస్తే పెద్దోళ్లకు ఎక్కదు. ‘హక్కు’, ‘గౌరవం’ అన్నవాటికి సవరలో ఇంట్లో వాడే మాటలేంటి? తెలుగు లిపిలోనే రాసివ్వండి, సవరకున్న సొంత లిపి సొరంగ్ సొంపెంగ్ మాకు చదవడం రాదు.

పక్కన అర్జీల బల్ల కూడా వేస్తున్నాం. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఫీజు లేదు గానీ, ఘటన జరిగి ఏడాది దాటినా, అదే విషయం రాష్ట్ర కమిషన్ ముందు ఉన్నా తీసుకోరు. తేదీ, చోటు, బాధితుల పేరు లేకపోతే అర్జీ నిలవదు. ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం ఉంది కాబట్టి, జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి పారాలీగల్ వాలంటీర్‌ను (చట్టం విషయాల్లో జనానికి సాయపడే శిక్షణ పొందిన కార్యకర్తను) అడగాలనుకుంటున్నాం. ఎన్ని రోజుల ముందు ఉత్తరం ఇవ్వాలి? సవర వచ్చినవాళ్లే కావాలని అడగొచ్చా?