ముందస్తు వైద్య నిర్దేశ పత్రాన్ని మన జిల్లాల్లో ఎవరికి అందజేయాలి?

మాది శ్రీకాకుళం జిల్లా, పలాస దగ్గరి పల్లె. నాకు 36 ఏళ్లు. పుట్టుకతో వచ్చిన టెట్రాలజీ ఆఫ్ ఫాలో అనే గుండె లోపానికి చిన్నతనంలోనే ఆపరేషన్ జరిగినా, ఇప్పుడు పల్మనరీ వాల్వు లీకవుతూ గుండె కుడి గది పెద్దదైంది. నేను మాట్లాడలేని స్థితి వస్తే వెంటిలేటర్‌ను ఎంతవరకు కొనసాగించాలో ముందే రాసిపెట్టదలచాను. సుప్రీంకోర్టు 2018లో గుర్తించిన ఈ పత్రానికి, 2023 సవరణ తర్వాత, ఇద్దరు సాక్షుల సంతకాలతో పాటు నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలునని, ఒక ప్రతిని పంచాయతీ లేదా మున్సిపాలిటీ అధికారికి ఇవ్వాలని చదివాను. ఇక్కడ అడిగితే వీలునామా అనుకుని రిజిస్ట్రారు దగ్గరకు పొమ్మన్నారు! అమ్మ ఈ మాటెత్తితేనే కన్నీళ్లు పెట్టుకుంటుంది కనుక, నా తరఫున నిర్ణయించే వ్యక్తిగా అక్క పేరు రాస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎవరైనా ఇలా రాసి ఉంటే, ప్రతిని ఎవరు తీసుకున్నారో, గుండె వైద్యులతో ఈ ప్రస్తావన ఎలా మొదలుపెట్టారో తెలియజేయగలరని కోరుతున్నాను.