అప్‌డేట్: బెల్టు వేయబోతే గుర్రుమంటున్న ల్యాబ్రడార్ కుక్క, అసలు కారణం చెవిలో ఉంది

మెడకు బెల్టు వేయబోతే మా ల్యాబ్ గుర్రుమంటోందని, తిండి మార్చడం వల్లేమోనని ఇంతకుముందు అడిగాను కదా. "వెల్లకిలా పడేసి నొక్కిపట్టండి, మీరే బాస్ అని తెలియాలి" అని కొందరు, "చికెన్ ముక్కతో అలవాటు చేయండి" అని కొందరు, "ముందు డాక్టర్‌కి చూపించండి" అని ఇద్దరు చెప్పారు. అందరికీ థాంక్స్, ఆ ఇద్దరికీ మరీను.

డాక్టర్ చెవి ఎత్తగానే గుప్పున పులిసిన వాసన. లోపల ఎర్రగా వాచి, గోధుమరంగు గులిమి. దూదిపుల్లతో తీసి మైక్రోస్కోప్‌లో చూస్తే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) ఇన్ఫెక్షన్. వేలాడే చెవుల్లో గాలి ఆడక తడి నిలిచిపోతుందట. బెల్టు తల మీదుగా తొడిగేటప్పుడల్లా చెవికి రాసుకుని నొప్పి పుట్టేది. చుక్కల మందుతో తగ్గింది.

నొప్పి పోయినా బెల్టు చూస్తే వెనక్కి జరిగేది. అక్కడ చికెన్ సలహా పనిచేసింది: బెల్టు చూపించడం, ముక్క పెట్టడం, బెల్టు దాచేయడం. తర్వాత మెడకు ఆనించడం, చివరికి క్లిప్పు పెట్టడం. తల మీదుగా తొడిగేది ఇక వాడట్లేదు.

తిండి మార్చడానికీ దీనికీ సంబంధమే లేదు. బాస్ పద్ధతి జోలికి పోలేదు. దాని మూలం 1947లో జంతువుల ప్రవర్తన మీద పరిశోధన చేసిన రుడాల్ఫ్ షెంకెల్ బంధించి ఉంచిన తోడేళ్ళ మీద రాసిన పరిశీలన. ఇంట్లో కుక్కకు అది వర్తించదు. పైగా గుర్రుమంటే కొట్టి మాన్పిస్తే, రేపు హెచ్చరించకుండానే కరవొచ్చు.

డాక్టర్ చూడకుండా మాత్రం చెవిలో నూనెలు పోయకండి.