పైథాన్‌లో కొత్త ఫీచర్ ప్రతిపాదించాలంటే ముందు ఎవరిని ఒప్పించాలి?

ప్రశ్న:
మా బృందం పైథాన్ భాషలోనే ఒక మార్పు అడగాలనుకుంటోంది. ఆఫీసు ప్రాజెక్టుల్లో అయితే క్లయింట్ చెప్తాడు, అనలిస్ట్ రాస్తాడు, సంతకాలు అయిపోతాయి. ఇక్కడ రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటే కనిపించదు. ఏం చేయాలో తేల్చేదెవరు? పరిచయాలు లేనివాళ్ల మాట చెల్లుతుందా?

జవాబు 1:
చెల్లుతుందండీ. అయితే ముందు లోపలి మనిషి ఒక్కరైనా ఒప్పుకోవాలి. కోర్ డెవలపర్ (పైథాన్ కోడ్‌లో మార్పులు చేర్చే అధికారం ఉన్నవాళ్లు) కానివాళ్లు పెప్ (మార్పును వివరించే అధికారిక ప్రతిపాదన పత్రం) రాస్తే దానికి స్పాన్సర్, అంటే దాన్ని నడిపించే లోపలి మనిషి, ఉండాలని ఆ పత్రాల నియమాలున్న పెప్ 1 చెప్తుంది. కాబట్టి పెప్ రాయడంతో మొదలుపెట్టకండి. పైథాన్ చర్చావేదికలో ‘ఐడియాస్’ విభాగంలో సమస్యను మాత్రమే పెట్టండి: ఇప్పుడు ఎలాంటి కోడ్ రాయాల్సి వస్తోంది, అందులో తప్పు ఎక్కడ దొర్లుతోంది, స్టాండర్డ్ లైబ్రరీలో అలాంటి చోట్లు ఎన్ని ఉన్నాయి. మెచ్చుకున్నవాళ్ల కన్నా అభ్యంతరం చెప్పినవాళ్లను జాగ్రత్తగా చదవండి. తర్వాత పెప్ రాసేటప్పుడు ‘తిరస్కరించిన ఆలోచనలు’ అనే విభాగంలో వాళ్ల వాదనను, ‘అవును, నేనన్నది ఇదే’ అని వాళ్లే ఒప్పుకునేంత న్యాయంగా రాయాలి. చాలామంది అక్కడ రెండు ముక్కలు రాసి ఊరుకుంటారు, తేలిపోయిందనుకున్న చర్చ మళ్లీ మొదటికొస్తుంది. ఆఖరి నిర్ణయం 5 మంది ఉండే స్టీరింగ్ కౌన్సిల్‌ది, లేదా ఆ పెప్ కోసం వాళ్లు ఒప్పుకున్న ప్రతినిధిది.

జవాబు 2:
ఆ కౌన్సిల్ ఎందుకొచ్చిందో కూడా తెలుసుకోండి. వాల్రస్ ఆపరేటర్ (ఎక్స్‌ప్రెషన్ మధ్యలోనే వేరియబుల్‌కు విలువ ఇచ్చే := గుర్తు) ప్రతిపాదన, పెప్ 572 మీద వాదన బాగా ముదిరింది. దాన్ని ఆమోదించాక 2018 జులైలో పైథాన్ సృష్టికర్త గీడో వాన్ రాసమ్ అప్పటిదాకా తనకున్న తుది నిర్ణయాధికారం వదులుకున్నారు. ఆ స్థానంలోనే కౌన్సిల్ వచ్చింది. ఫీచర్ మాత్రం 2019లో పైథాన్ 3.8తో వచ్చింది. ఇప్పుడు ఒకే కంపెనీవాళ్లు కౌన్సిల్‌లో ఇద్దరికి మించకూడదు. అందుకే మీ సహోద్యోగులందరినీ తెచ్చి ‘ప్లస్ వన్’లు (నాదీ ఇదే మాట అనే మద్దతు వ్యాఖ్యలు) పెట్టించకండి. మద్దతు పెరగదు సరికదా, అనుమానం పెరుగుతుంది. వేరే ప్రాజెక్టులవాళ్లు ఇద్దరు ముగ్గురు తమ కోడ్‌లో ఇదే ఇబ్బంది చూపిస్తే దానికి బరువెక్కువ.

జవాబు 3:
లైనక్స్ కెర్నల్ (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కోడ్) ప్రాజెక్టులోనూ మూలసూత్రం ఇదే. ప్యాచ్ (కోడ్‌లో మనం ప్రతిపాదించే మార్పు) ఏ మెయింటైనర్‌కు, అంటే ఆ భాగం బాధ్యత చూసేవాళ్లకు, పంపాలో గెట్-మెయింటైనర్ స్క్రిప్టు చెప్తుంది. జవాబు రాకపోతే కనీసం వారం ఆగి గుర్తుచేయాలి. తర్వాతి వెర్షన్‌లోకి మార్పులు చేర్చుకునే రెండు వారాల మెర్జ్ విండోలో కొత్త ప్యాచ్‌లు చూసే తీరిక చాలామందికి ఉండదు. రాసినవాళ్లు వెళ్లిపోతే బగ్‌లు మెయింటైనర్ మెడకే చుట్టుకుంటాయి. వాళ్లు కోడ్‌తోపాటు మనిషిని కూడా తూచేది అందుకే. ముందు వేరేవాళ్ల ప్యాచ్‌లు రివ్యూ చేసిపెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
స్పాన్సర్‌గా ఉండమని విడిగా మెయిల్ పెట్టి అడగొచ్చా?

జవాబు 1:
మీ చర్చలో ఇప్పటికే పాల్గొన్న కోర్ డెవలపర్ అయితే నిస్సంకోచంగా అడగండి. డిజైన్ గురించి మెయిల్లో ఏం అనుకున్నా దాన్ని చర్చలో కూడా రాసేయండి. లేకపోతే మిగతావాళ్లకు అది చాటున కుదిరిన ఒప్పందంలా కనిపిస్తుంది.