వైఫై తీసేస్తే ఆట ఆగుతుందా?

కృష్ణాతీరం:
మావాడు ఇంటర్ రెండో సంవత్సరం. రాత్రి రెండింటి దాకా ఫోనులో యుద్ధం ఆట. మొన్న మధ్యలో వైఫై తీసేశాను. అన్నం కంచం విసిరికొట్టాడు. మూడు రోజులుగా మాటల్లేవు. తప్పు నాదేనంటుంది మా ఆవిడ. ఫోను అమ్మేయమంటారు మా బావగారు. వ్యసనాన్ని ఒక్క దెబ్బతో తుంచాలన్నది నా పట్టు. మీరేమంటారు?

పాత మాస్టారు:
అమ్మేయండి. కళ్లు తెరుచుకునే నిద్రపోయే పిల్లలకు పాఠం చెప్పి చూడండి, తెలుస్తుంది. చైనాలో 2021 నుంచి పద్దెనిమిదేళ్లు నిండనివారికి శుక్ర, శని, ఆదివారాల్లో, సెలవుల్లో రాత్రి 8 నుంచి 9 దాకానే ఆన్‌లైన్ ఆట. మనకెందుకు చేతకాదు?

నాలుగోవాడు:
మాస్టారూ, దక్షిణ కొరియా కూడా 2011లో పదహారేళ్ల లోపు వారికి అర్ధరాత్రి నుంచి ఉదయం 6 దాకా ఆటలు ఆపింది. పెద్దల గుర్తింపుతో పిల్లలు దూరారు. ఫోను ఆటలకు ఆ చట్టం వర్తించనేలేదు. 2021లో రద్దు చేసుకుంది. మన దగ్గర 2020 సెప్టెంబరులో పబ్జీ అనే యుద్ధం ఆటను నిషేధిస్తే, మరుసటి ఏడాదే బీజీఎంఐ అనే కొత్త పేరుతో వచ్చింది.

కృష్ణాతీరం గారూ, మీవాడిదీ అలాంటి ఆటే అయితే ఒక్కో పందెం దాదాపు అరగంట. మధ్యలో ఆపే వీలు లేదు. నలుగురు ఒక జట్టు. మీరు వైఫై తీసిన క్షణంలో మిగతా ముగ్గురి ముందు మీవాడు పారిపోయినవాడయ్యాడు. "ఈ పందెంతో సరి" అని ముందే చెప్పి ఉంటే కంచం నిలిచేది. నేను ఆటను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి, డిగ్రీలో ఒక ఏడాది దానికే సమర్పించుకున్నాను.

ఇంకొకటి. ఇలాంటి ఆటల్లో మైనర్లకు గంటల పరిమితి ఉంటుంది. మరి రెండింటి దాకా ఎలా సాగుతోంది? ఏ పుట్టిన తేదీ ఇచ్చాడో అడగండి.

ఓరుగల్లు అమ్మ:
మా ఇంట్లో నిద్రతో పాటు డబ్బూ పోయింది. తెరమీది బొమ్మకు చొక్కాలు కొనడానికి నా ఖాతాలోంచి పదకొండు వేలు! పిన్ చెప్పింది నేనే, ఎవరిని తిట్టను?

రాత్రి డ్యూటీ నర్సు:
వ్యసనం అనే మాట తొందరపడి వాడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలు చేస్తున్న వ్యాధుల పట్టికలో గేమింగ్ రుగ్మత ఉంది, కానీ అక్కడ గంటల లెక్క లేదు. ఆపుకోలేకపోవడం, చదువు, తిండి, మనుషులు అన్నీ ఆట తర్వాతే కావడం, నష్టం కనిపిస్తున్నా మానకపోవడం, ఇవి సాధారణంగా ఏడాదిపాటు కనిపిస్తేనే రుగ్మత అంటారు. అయితే నిద్ర చెడితే ఏడాది ఆగక్కర్లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోను చేయండి, ఖర్చు లేదు. తండ్రులు కూడా మాట్లాడవచ్చు.

పాత మాస్టారు:
ఈలోగా పరీక్షలు ఆగుతాయా?

కృష్ణాతీరం:
పుట్టిన తేదీ అడిగాను. మూడు రోజుల తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట, "తాతయ్యది". మా నాన్నగారిని అడిగితే ఆయనకు ముందే తెలుసట.